ఇద్దరికీ ఇరవై రెండే

బుధవారం, నాలుగో తేదీ

చెల్లికి, నీ తోడికోడలు దీవెనలతో రాస్తున్నది ఏమనగా,

ఇక్కడ మీ బావగారు, అబ్బాయి, కోడలు కులాసా. నా గుండెలో కవాటం ఒక్కటే కులాసాగా లేదు. నువ్వూ మా మరిదీ ఎలా ఉన్నారని అడగక్కర్లేదు. మొన్న సోమవారం ఆసుపత్రిలో నిన్ను చూశాను కదా, గుండ్రాయిలా ఉన్నావు.

పదహారో తేదీన ఆపరేషన్ ఖాయమైంది. డాక్టరుగారు మొదట ఒప్పుకోలేదని నీకు తెలుసు. ఛాతీ తెరిచి కవాటం మార్చడం కష్టం కాదనీ, ఒంట్లో సత్తువ లేనివాళ్ళు ఆ తర్వాత మంచం దిగకపోవడమే కష్టమనీ అన్నారు. అలాంటివాళ్ళకి రెండు మూడు నెలలు తిండీ వ్యాయామమూ పెట్టి, కోలుకున్నాకే కోస్తారట. అందుకే పరికరాన్ని గుప్పిట్లో నొక్కించి చేతిపట్టు చూసే ఆ పిడికిలి పరీక్ష. ఇరవై రెండు కిలోల పట్టు ఉంది, ఈ వయసుకి భేష్ అని ఆయన మీ బావగారితో చెప్పారు. నడక నెమ్మదిగా ఉందంటే, కొత్త చెప్పులు కరుస్తున్నాయని చెప్పాను.

నీకూ ఇరవై రెండే కదా. పక్షవాతం వచ్చినవాళ్ళకి ఏటా చేసే పరీక్షకి నువ్వు కూడా ఆ రోజే రావడం, ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టడం మంచిదే అయింది. ఇద్దరికీ ఇరవై రెండే అని ఇరుగుపొరుగుకి కూడా చెప్పాను.

దాచడమెందుకు, నువ్వంటే నాకు కుళ్ళు. నువ్వు ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటిదది. బీరువా జరపాలంటే అత్తగారు మగవాళ్ళని కాదు, నిన్ను పిలిచేది. పెద్దకోడలు సుకుమారం అనేది నన్ను. అది మెచ్చుకోలనుకుని పదేళ్ళు మురిశాను. ఆరేళ్ళ కిందట నీ ఎడమ చెయ్యి పడిపోయినప్పుడు నీ మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపు అబద్ధం కాదు. కానీ తిరిగొస్తూ బస్సులో, ఇక నీకన్నా నేనే నయమని అనుకున్నాను.

నువ్వేమో నెల తిరక్కుండా గోడ పట్టుకుని నడిచావు. ఏడాదికల్లా మళ్ళీ రొట్టెల దుకాణంలో చేరి, కుడిచేత్తో పిండి పిసుకుతూ ఎడమచేతికీ ఆ పని నేర్పావు. నాకేమో ఆయాసమని కోడలు ఇక్కడి పుల్ల అక్కడ పెట్టనివ్వలేదు. మంచినీళ్ళు కూడా చేతికే వచ్చేవి. నువ్వొచ్చినప్పుడల్లా నా వైభోగం నీకు కనపడాలని ఇంకాస్త జారగిలబడేదాన్ని. పడి లేచినదానివి నువ్వు. పడకుండానే కూర్చుండిపోయినదాన్ని నేను. మూడు నెలల్లో ఐదు కిలోలు తగ్గితే, సన్నబడ్డారు అత్తయ్యా, బాగున్నారు అంది కోడలు.

నిన్న భోజనాల దగ్గర మీ బావగారు, నంబర్ల సంగతి సరేగాని నడకలో మా మరదల్ని చూసి నేర్చుకో అన్నారు. ఒళ్ళు మండి కంచం ముందునుంచి లేచిపోబోయాను. బల్ల పట్టుకుని నేను లేచేలోగా ఆయన తినడం ముగించి చెయ్యి కడుక్కుని వచ్చారు. కోపగించుకుందామన్నా ఒంట్లో ఓపిక ఉండాలి కదా.

పదహారున నువ్వు రావద్దు. నువ్వు పక్కన నిలబడితే, ఆరేళ్ళలో ఈవిడ ఎలా తేరుకుందో చూడండని అందరూ నిన్నే మెచ్చుకుంటారు. కోయించుకునేది నేను. ఆ ఒక్కరోజైనా నన్ను చూడనీ.

మరిదిని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీకేమీ తీసిపోని
మీ అక్క

తా.క.: ఇదంతా నిన్న రాసి కవరు అంటించాను. పొద్దున మళ్ళీ చింపాను. ఆ పిడికిలి పరికరంలో సూది, ఎంత నొక్కితే అంత దాకా వెళ్ళి అక్కడే ఆగిపోతుంది. మరొకరికి ఇచ్చేముందు దాన్ని సున్నాకి తిప్పాలి. నువ్వు నొక్కాక నర్సమ్మకి ఫోనొచ్చి తిప్పడం మరిచిపోయింది. నేను చూశాను. ఉన్న బలమంతా పెట్టి నొక్కాను, సూది కదల్లేదు. ఆవిడ వచ్చి ఇరవై రెండు అని రాసుకుంది, నేను నోరు మెదపలేదు. నీ ముందు తక్కువవుతానని ప్రాణం మీదికి తెచ్చుకున్నాను. ఇంత గొప్పలు పోయాక ఇంట్లో చెప్పడానికి మొహం చెల్లడం లేదు, నీకు ఫోన్‌లో చెబుదామన్నా నోరు రాలేదు. నాకు చావాలని లేదు చెల్లీ. ఇది అందగానే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళు. నీ బలం చూసి నా ఛాతీ కొయ్యబోతున్నారని చెప్పు.