తిట్లతో తయారైన గొంతు

చిరంజీవి వాగుడుకాయకి,

నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. మెడ మీద కుట్లు మానాయి. నువ్వక్కడ వయొలిన్లకి జిగురు పూసుకుంటూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. మూడేళ్లుగా అమ్మకే రాస్తున్నదానివి, మొదటిసారి నా పేరున ఉత్తరం రాశావు. నాలుగుసార్లు చదివాను.

ఆపరేషన్‌లో గొంతు తీసేశాక మనిషి మళ్లీ తన గొంతుతోనే ఎలా మాట్లాడతాడు, ఇదేమన్నా మంత్రమా అని అడిగావు. చిన్నప్పుడు రాతిబొమ్మతో మాట్లాడించే మాంత్రికుడి కథ చెప్తే నోరు తెరుచుకుని వినేదానివి. ఇప్పుడా మాంత్రికుడు ఆసుపత్రిలో పనిచేసే నీ వయసు పిల్ల, పైగా ఎప్పుడూ జలుబు. మన పాత రికార్డింగులు కంప్యూటరుకి వినిపిస్తుంది. ఆ తర్వాత నేను పలకలాంటి దాని మీద టైపు చేస్తే, అది నా గొంతుతో చదువుతుంది. పక్క గదిలో ఒకాయన తలకి తీగల టోపీ పెట్టుకుని, చెయ్యి కదపకుండా మనసులో అనుకోవడంతోనే బొమ్మకారు నడుపుతున్నాడు. నేను చూస్తుండగానే గోడకి గుద్దేశాడు. బ్రేకు వెయ్యాలని మనసుకి తట్టలేదట.

నా రికార్డింగులు కావాలంటే మీ అమ్మ తన ఫోనులో ఉన్న నా వాయిస్ మెసేజులన్నీ ఇచ్చేసింది. ముప్పై ఏళ్లు రేకుల వర్క్‌షాపులో మిషన్ల మోత మధ్య ఫోర్‌మన్‌గా చేసినవాణ్ణి, మెల్లగా మాట్లాడిందెప్పుడు? "ఫోనెత్తవేం?", "తాళాలెక్కడ తగలేశావ్?" అన్నీ అవే. అందుకని ఇప్పుడేం టైపు చేసినా తిట్టినట్టే వస్తోంది. మొన్న "కాసిన్ని నీళ్లిస్తావా" అన్నాను. "ఇస్తున్నా మహానుభావా, అరవకండి" అంది అమ్మ. పక్కింటావిడ మాత్రం "మీ ఆయన పూర్తిగా కోలుకున్నట్టున్నారే!" అని సంబరపడింది.

"గొంతొచ్చాక నాకు ఫోన్ చేసింది తిట్టడానికేనా" అని రాశావు. ఆ రోజు నేను టైపు చేసింది "ఎలా ఉన్నావమ్మా, ఎప్పుడొస్తావు" అని. అటునుంచి నీ ఏడుపు వినిపించింది. ఇంకేం టైపు చేసినా తిట్టినట్టే వస్తుందని పెట్టేశాను.

అమ్మకి కూడా తెలియనిది ఒకటుంది. ఆపరేషనుకి ముందు ఆ పిల్ల నన్ను ఒక గాజుగదిలో మైకు ముందు కూర్చోబెట్టింది. "గంటసేపు మాట్లాడండి సార్. మీకిష్టమైనవాళ్లు ఎదురుగా ఉన్నారనుకోండి" అంది. నువ్వున్నావనుకున్నాను. బ్యాంకు ఉద్యోగం వదిలేసి వయొలిన్లు బాగుచేస్తానన్న రోజు, "గుమ్మం దాటితే మళ్లీ ఈ ఇంటికి రాకు" అన్నాను కదా. అప్పట్నుంచీ నీకు చెప్పాలనుకుంటున్న మాట నోటిదాకా వచ్చింది. పాడు అహం అడ్డొచ్చింది. పది నిమిషాలు ఊరికే కూర్చుని, నొప్పిగా ఉందని అబద్ధమాడి లేచొచ్చేశాను. రికార్డింగు సరిగ్గా రాలేదట అని అమ్మకి చెప్పాను. అందుకే ఆవిడ మెసేజులు వెతకాల్సి వచ్చింది.

మెత్తటి గొంతు కావాలని ఆ పిల్లని మళ్లీ అడిగాను. అలా మాట్లాడింది ఒక్క నిమిషమున్నా తెమ్మంది. ఇల్లంతా వెతికాం. దొరకలేదు.

తప్పు నాదేనమ్మా. నువ్వెంచుకున్నది మంచి పని. ఇంటికి రా. ఈ మూడు ముక్కలూ పలకలో టైపు చేసి పెట్టుకున్నాను. నువ్వు గుమ్మంలో అడుగు పెట్టగానే నొక్కుతాను. వీధి వీధంతా వినపడేలా తిట్టినట్టే వస్తుంది. దాన్ని వినకు, నా మొహం చూడు.

ఇట్లు,
గుమ్మంలోనే కుర్చీ వేసుక్కూర్చున్న
మీ నాన్న