రెక్క కింద కొక్కెం

1978 ఆగస్టు 21

రాయవే సరోజా. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. ఈ పిల్ల బడిలో టీచరు. నా మాటలన్నీ పుస్తకం మాటలు చేసేస్తుంది. చేసుకో. విషయం మాత్రం మార్చకు.

విషయం ఇది — నా కొడుకు రమణ చెయ్యి జారలేదు.

ఆగస్టు 22

మంచం. కిటికీ. కిటికీలోంచి పిండి మిషను గోడ. అంతే నా లోకం. తుంటి విరిగాక పుంగనూరు నుంచి ఎత్తుకొచ్చి కుప్పంలో, ఈ కూతురింట్లో పడేశారు. ఒంటికి పోవాలన్నా ఎవరో ఒకరు ఎత్తాలి. ఎత్తేది ఎక్కువగా అల్లుడే. చంద్ర. గుడ్డు ఎత్తినట్టు ఎత్తుతాడు. కాదనను.

రమణ విమానాల పటాలంలో ఉండేవాడు. జెట్ విమానం రెక్కల కింద బాంబులు తగిలించే పని. ఒకనాడు తగిలిస్తూ ఉంటే బాంబు మీద పడింది. వాడి పెట్టె ఇంటికి తెచ్చినవాడు వాడి స్నేహితుడు — ఈ చంద్రే. మా వాకిట్లో నిలబడి ఏడ్చాడు. "చెయ్యి జారిందమ్మా. నేను పైన విమానం సీట్లో కూర్చోనుండినా. దిగేలోపల అయిపోయింది. పానా వాని చేతిలోనే ఉండింది…" తర్వాత తానే సరోజను అడిగి చేసుకున్నాడు. ఉద్యోగం మానేసి ఇక్కడ మిషను పెట్టాడు.

పుంగనూరులో అయినవాళ్ళందరికీ రమణ అంటే చెయ్యి జారినోడు. మా మరిది ఇప్పటికీ అంటాడు — "బాంబు పట్టుకోను చేతకానోడు పటాలానికి యాల పోవల్ల?"

పదేళ్ళప్పటి నుంచి ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావి దగ్గర తోలు బాన కట్టినవాడు నా కొడుకు. ఎద్దులు వెనక్కి నడిచినా ముందుకు నడిచినా వాడు కట్టిన బాన ఒక్కసారి జారలేదు. ఆ చేతులు నాకు తెలుసు.

ఆగస్టు 27

నాగాచారి వచ్చాడు. పుంగనూరులో మా వీధి వడ్రంగి. పెద్దల అమావాస్యకు రమణ పటం ముందు పెట్టడానికి కొయ్య విమానం చేయమన్నాను. పోయినవాళ్ళకు ఇష్టమైంది ఏదో ఒకటి పెడతాం కదా. వాడికి ఇష్టమైంది అదే. ఆ రోజు మరిది వస్తాడు, అందరూ వస్తారు. వాళ్ళ కళ్ళ ముందు పెట్టి, బాంబు ఎట్లా తగులుతుందో, ఎట్లా పడుతుందో చూపించాలి. తప్పు బొమ్మ పెడితే నా మాటా తప్పైపోతుంది.

ఆచారి గుడ్డ విప్పాడు. మద్ది చెక్క. బాగుంది. రెక్కల చివర రెండు పొడుగు కాయలు తగిలించాడు. "బాంబులు పెద్దమ్మా."

"రెక్క కొసకు కాదప్పా. రెక్క కింద."

"పటంలో కొసనే ఉండాయి కదా!"

రమణ విమానం ముందు నిలబడి తీయించుకున్న పటం ఒకటుంది. దాంట్లో నిజంగానే కొసన ఉన్నాయి. కానీ సెలవుకు వచ్చినప్పుడు వాడు నా చేట తలకిందులుగా పట్టుకుని, కింద సొరకాయ ఆనించి చూపించాడు — "ఈడ తగిలిస్తామమ్మా. కొసన ఉండేవి కిరసనాయిలు తొట్లు." చేటకు మధ్యగా. కొసకు కాదు.

ఆచారికి నమ్మకం లేదు. అల్లుణ్ణి అడుగుదాం అన్నాడు. అల్లుడు చేతి పిండి దులుపుకుంటూ వచ్చి చూశాడు. "అత్త చెప్పిందే సరి" అన్నాడు. ఎట్లా తగులుతుందో చెప్పు అంటే — "మర్చిపోతిని అత్తా."

నాలుగేళ్ళు అదే పని చేసినవాడు.

సెప్టెంబరు 3

సరోజ మంచం కిందికి దూరి చెంబు లాగుతోంది. పక్కన అల్లుడు కూర్చుని మాట్లాడుతున్నాడు. ఆమె వంగగానే రెండు చేతులూ భుజాల మీదికి ఎత్తాడు. ఎప్పుడూ అంతే. ఇంట్లో ఎవరు కిందికి వంగినా ఆ చేతులు లేస్తాయి.

"ఏమప్పా, పోలీసోళ్ళు వచ్చినారా?" అన్నాను.

నవ్వాడు. "అలవాటైపోయింది అత్తా."

నేనూ నవ్వాను.

సెప్టెంబరు 9

ఆచారి మళ్ళీ వచ్చాడు. ఈసారి రెక్క కిందే. సొరకాయలాగా ఉంది బాంబు. తోకకు రేకులు కూడా పెట్టాడు. కానీ ఒక రింగు, ఒక తాడు. కపిల బానలాగా వేలాడదీశాడు. ఊదితే ఊగుతుంది.

తప్పు వాడిది కాదు. నేనే అట్లా చెప్పాను. వేలాడేదంటే నాకు తెలిసింది బానే కదా. బానను కట్టేదీ వదిలేదీ ఒక్కడే. కట్టినవాడి చెయ్యి జారితే బాన బావిలో. బాంబూ అట్లాగే అనుకున్నాను. అదే నిజమైతే రమణ చెయ్యి జారినట్టే.



సెప్టెంబరు 10

విమానం గాలిలో ఊగుతూ ఎట్లా పోతుంది? బాంబు ఊగితే రెక్క విరగదూ? ఊగకుండా పట్టేది ఇంకేదో ఉండాలి. అడగడానికి ఎవరున్నారు… కాళ్ళుంటే మదనపల్లె దాకా నడిచిపోయి పాత పటాలం వాళ్ళను నిలబెట్టి అడుగుదును.

సెప్టెంబరు 16

దొరికాడు.

అల్లుడు మిషనుకు బెల్టు కొనడానికి మదనపల్లె పోయాడు. మిషను దగ్గర రాగులు పట్టించుకోవడానికి వచ్చినాయన ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు — పటాలం గొంతు. కిటికీలోంచి కేకేశాను. బ్యాంకు వాకిట్లో తుపాకీ పట్టుకుని నిలబడే మునస్వామి అంట. పాత ఉద్యోగం — విమానాలకు బాంబులు!

"అప్పా, లోపలికి రా. నేను రాలేను."

బొమ్మ చూసి పగలబడి నవ్వాడు. "ఇదేందవ్వా, బావిలో చేదలాగుండాది!"

"నవ్వింది చాలు. సరిగ్గా చెప్పు."

మంచం పక్క నేల మీద బొగ్గుతో గీశాడు. రెక్కకూ బాంబుకూ నడుమ ఒక దిమ్మె. దిమ్మె లోపల కొక్కెం. అటు రెండు, ఇటు రెండు ఇనుప వేళ్ళు దిగి బాంబును పక్కల నుంచి అదిమి పట్టుకుంటాయి. ఊగదు.

"ఎత్తేటప్పుడు చెయ్యి జారితే?"

"చెయ్యి యాడుంది అవ్వా దాంట్లో? మనిషి మోసే బరువా అది? కింద నుంచి బండి ఎత్తుతాది. కొక్కెం టక్కున పట్టుకున్నాకనే పానాతో ఆ వేళ్ళు బిగించేది. ఆనక బండి తీసేస్తాం. ఇంకోసారి బిగువు చూస్తాం."

"అంటే చేతిలో పానా ఉంటే?"

"కొక్కెం పట్టేసినట్టే."

"మళ్ళీ వదిలేదెట్ల?"

"కరెంటుతో. పైన సీట్లో కూర్చున్నోడు బొత్తాం నొక్కితే. కొక్కెం పాడైంటే అది వేరే సంగతి." మీసం తుడుచుకున్నాడు. "అందుకే మాకు మొదటి పాఠం అవ్వా — కింద మనిషి ఉన్నంతసేపు పైనోడు రెండు చేతులూ ఎత్తి బయటికి కనపడేటట్టు పెట్టుకోవల్ల. తప్పు చేసినోనికి, చేయనోనికి, అందరికీ అదే అలవాటు. ఇప్పటికీ నా చేతులు లేస్తాయి. నా పెండ్లాము తిడతాది."

తర్వాత ఏం మాట్లాడాడో నాకు వినిపించలేదు.

సెప్టెంబరు 17

నిన్నటిది సరోజే రాసింది. ప్రతి మాటా. రాసి, చదివి వినిపించమంటే వంట ఉందని లేచిపోయింది.

సెప్టెంబరు 18

ఏమీ లేదు.

సెప్టెంబరు 20

అల్లుడు ఎత్తి కూర్చోబెట్టాడు. నా చేతులు ఆయన మెడ చుట్టూ. వేరే దారి లేదు కదా. చెమట వాసన, రాగి పిండి వాసన. చెవి దగ్గరే నా నోరు… ఆ బొత్తాం నొక్కింది నువ్వేనా అని అడిగేదా? అడిగి, ఎక్కడికి పోయేది? నేను సరే. ఈ సరోజ ఎక్కడికి పోయేది?

కొక్కెం పాడైందేమో. మునస్వామి అన్నాడు కదా, వేరే సంగతి అని. రోజంతా ఆ ముక్క పట్టుకుని కూర్చున్నాను.

మరైతే చెయ్యి జారిందని యాల చెప్పినాడు?

సెప్టెంబరు 24

ఆచారి బొమ్మ ముగించాడు. దిమ్మె, కొక్కెం, నాలుగు వేళ్ళు. దిమ్మె పైన చిన్న మొల తిప్పితే కొక్కెం తెరుచుకుంటుంది. కింద ఎంత గుంజినా రాదు. నేనే గుంజి చూశాను. పైన మొల తిప్పాను. బాంబు ఒళ్ళో పడింది.

ఆచారికి సంబరం. "ఇప్పుడు ఎవురికి సూపించినా తప్పు పట్టలేరు పెద్దమ్మా!"

సరోజ గోడకు తిరిగి నిలబడింది.

సెప్టెంబరు 29

"అమావాస్యకు ఉట్టి బొమ్మ పెడితే చాలదా అమ్మా? చిన్నాయన ముందర అదంతా యాల?"

"నీ అన్నను చెయ్యి జారినోడంటే నీకు పౌరుషం లేదా?"

"ఉండాది" అంది. "నాకు ఇల్లు కూడా ఉండాది."

అక్టోబరు 2

అమావాస్య. మరిది వచ్చాడు. పుంగనూరు నుంచి అందరూ. రమణ పటానికి పూలు. పటం పైన దూలానికి విమానం తగిలించాలి. పొడుగు మనిషి అల్లుడే. పీట ఎక్కాడు. నేనే చెప్పాను — "నువ్వే తగిలించప్పా. నీకు తెలిసిన పని."

మేకుకు తాడు వేస్తున్నాడు. సగం వేశాడు. అప్పుడు సరోజ పటం ముందు విస్తరి వేయడానికి ఆయన కాళ్ళ దగ్గర వంగింది.

రెండు చేతులూ లేచాయి. తాడు వదిలేసి. ముడి పడని విమానం జారి, సరోజ పక్కనే కింద పడింది. ఒక రెక్క విరిగింది. రెండో రెక్క కింద బాంబు అట్లాగే పట్టుకుని ఉంది.

మరిది పకపక నవ్వాడు. "ఈ ఇంట్లో అందరివీ జారే చేతులేనే!"

అల్లుడు ఇంకా పీట మీదే ఉన్నాడు. చేతులు దించలేదు. నన్నే చూస్తున్నాడు. నేను కనిపెట్టానని ఆయనకు తెలిసింది. సరోజ లేవలేదు. వంగినదల్లా తలెత్తి ఆ చేతుల్ని చూసింది, తర్వాత నన్ను. ఇల్లంతా నా నోరు తెరుచుకోవడం కోసం చూసింది. అప్పుడు నేను…

రాయవే సరోజా. ఆపావెందుకు. కలం ఆగిందని కూడా రాయి.