పెట్టెలో దొరికిన తలకాయ

కార్ఖానా, సికింద్రాబాద్
9 నవంబరు 1948

శ్రీయుత పౌర పాలనాధికారి గారి సముఖమునకు,
విశ్వవిద్యాలయ నాటకాలకు వేషసామగ్రి చేసే జమాలుద్దీన్ వ్రాయించుకొన్న అర్జీ.

విషయం: నా తమ్ముడు వలీని విడిచిపెట్టుట గురించి; అందుకు రుజువుగా తమ కచేరీలో ఉన్న తలకాయను పగలగొట్టుట గురించి.

అయ్యా,

ఇదివరకు రెండు అర్జీలు ఉర్దూలో పెట్టుకొన్నాను. కొత్త దొరగారికి ఉర్దూ రాదని తమ గుమాస్తా సెలవిచ్చినారు. అందువల్ల ఈ మూడోది పొరుగింటి భద్రయ్య గారిచేత తెలుగులో వ్రాయించి దాఖలు చేసుకొంటున్నాను.

1. ప్రతి ఏటా విశ్వవిద్యాలయంలో పది దినములు నాటకాలు, ఉర్దూ కవులు చదివే ముషాయిరా, పాటకచేరీలు జరుగును. పద్నాలుగేండ్లుగా ఆ నాటకాలకు కిరీటాలు, గడ్డాలు, కత్తులు చేయువాడను నేనే. ఈ ఏడు ఉత్సవాలు సెప్టెంబరులో జరుగవలసి ఉండి, పోలీసు చర్య వల్ల ఆగిపోయినవి. సామానుకు చెదలు పట్టునన్న భయంతో పెట్టెను ఇంటికి తెచ్చుకొన్నాను. తప్పు అక్కడ మొదలైనది.

2. పంతొమ్మిది రోజుల క్రిందట రజాకార్ల కోసం సోదాకు వచ్చిన జమేదారు గారు పెట్టె తెరిపించినారు. మూత లోపల నా చేతి జాబితా అంటించి ఉన్నది. నాటకం ముగియగానే విద్యార్థులు దొరికింది దొరికినట్టు పట్టుకుపోదురు గనుక, అట్లా అంటించుకొనుట మా పద్ధతి. అందులో వ్రాసినది ఇది: సేనాపతి ఒకరు, సిపాయిలు పద్నాలుగు, కత్తులు పద్నాలుగు, తుపాకులు ఆరు, తెగిన తల ఒకటి. అది చదివి జమేదారు గారు తల కోసం వెతికినారు. తల దొరికినది.

3. కత్తులు చెక్కవి. తుపాకీ గొట్టాలు వెదురువి. ఒకటి విరిచి చూపినాను. రుజువు చెరుపుతున్నానని నా మీదనే కోపగించినారు.

4. పన్నెండేండ్లుగా వలీది సిపాయి వేషమే. కిందపడి చచ్చే వేషాలకు విద్యార్థులు ఒప్పుకోరు గనుక మావాణ్ణి పిలుచుకొందురు. తెర లేచిన కాసేపటికే చచ్చి, మళ్లీ తెర పడేదాకా మెదలక పడి ఉండుట వాని పని. ఒకసారి చీమలు కుట్టినా కదలలేదు. ఈ ఏడు నాటకాల పంతులు దేవానందం గారు వానిని సేనాపతిని చేసినారు. జీవితంలో మొదటిసారి వానికి మాటలు వచ్చినవి. మొత్తం పదకొండు. జమేదారు గారు జాబితా చూపి, "ఇందుల నువ్వెవరివి?" అని అడిగినారు. నాటకాల వాళ్లను అట్లా అడిగితే పేరు చెప్పరు, వేషం చెబుతారు. మావాడు ఛాతీ విరిచి, "ఇన్నేండ్లు సిపాయినే సాబ్. ఈసారే సేనాపతిని చేసిన్రు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. సంతోషంగా చెబుతున్నాడు గదా అని వాని నోరు మూయలేదు. ఆ మాట మీదనే వానిని ఠాణాకు పట్టుకుపోయినారు.

5. సాక్ష్యం చెప్పుమని దేవానందం గారి కాళ్లు పట్టుకొన్నాను. "జమాల్ భాయ్, ఆ జాబితాల నా పేరు లేదు గద. జెర గట్లనే ఉండనియ్" అన్నారు. నాకు ఆయన మీద కోపం లేదని వ్రాయమన్నాను గాని, ఉన్నది. డిసెంబరులో ఉత్సవాలు మళ్లీ పెడుతున్నారట. తలకాయ కావాలని ఆయన నాకు కబురు పంపినారు. తమ్ముని సంగతి అడుగలేదు.

6. సదరు తలకాయ కాగితపుది. పరీక్షలు ముగిసిన తర్వాత విశ్వవిద్యాలయం వారు పారవేసే జవాబు కాగితాలను నానబెట్టి, మెంతిపిండి కలిపి, కుండ మీద ఒత్తి చేసినాను. జుట్టు మేకది. మెడ దగ్గర ఎరుపు నేను పూసిన రంగు. దయచేసి పగలగొట్టించండి. ఎడమ చెవి వెనుక పొరలో చరిత్ర పరీక్ష కాగితం ఒకటి నానక మిగిలినది. దాని మీద ఎర్ర సిరాతో సున్న ఉండును. అది ఎవరో విద్యార్థికి వచ్చిన మార్కు. నరికిన మనిషి తలలో చరిత్ర పరీక్ష ఉండదు గదా అయ్యా.

7. మా తల్లి లతీఫున్నీసా రోజూ జొన్నరొట్టె కట్టుకొని ఠాణా గేటు దాకా పోయి, తిరిగి తెచ్చుచున్నది. ఆమె తినుట లేదు. నిన్న నాతో, "చచ్చినట్టు పడుకునుడు వానికి అలవాటాయె. కొట్టినా కదలడు. నిజంగనే సచ్చిండనుకొని ఏమన్న చేస్తే ఎట్లరా?" అన్నది. ఆ మాటకు జవాబు తమ దగ్గర ఉండునేమోనని ఈ అర్జీ.

కావున తమరు ఇది చిత్తగించవలెను. చిత్తగించి పక్కన పెట్టక, ముందు తలకాయను, తర్వాత నా తమ్ముణ్ణి తెప్పించి చూడవలెను.

ఇట్లు, గేటు బయట నిలబడి ఉన్న
తమ విధేయుడు
జమాలుద్దీన్

తా.క. పైనదంతా భద్రయ్య గారు మర్యాదగ రాసిన్రు. ఇది మాత్రం నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్న. సార్, తలకాయ పగిలితే ఫికర్ లేదు, నాలుగు రోజులల్ల ఇంకోటి చేస్తా. కత్తులు సుత మీరే ఉంచుకోండ్రి. వలీని నేను చెయ్యలేను సార్. మా అమ్మకు అరవై దాటినయి, ఆమె సుత చెయ్యలేదు.