నువ్వు చేసిన చప్పుడు

చాంపియన్ రీఫ్,
ఆదివారం.

మా ప్రిన్సీ తల్లికి,

అమ్మ ముద్దులతో రాయడం ఏమంటే, దేవుని దయవల్ల నేనూ మీ నాన్నా ఇక్కడ చల్లగా ఉన్నాం. హైదరాబాదులో నువ్వూ వేళకు తిని బాగున్నావని నమ్ముతున్నాను. ఫోన్‌లో అయితే నన్ను సగం మాట కూడా చెప్పనివ్వవు, అందుకే కాగితం పట్టాను.

మోకాలు ఎలా ఉందని అడిగావు. చర్చి మెట్లు ఎక్కుతోంది, ఇంకేం కావాలి? మీ సినిమా చివర్లో తెరమీద నీ పేరు చూశానా అని అడిగావు. గని కూలే ఘట్టానికి నువ్వు కూర్చిన చప్పుడులో పస లేదని మీ సార్ అన్నాడనీ, ఆ పని మానేసి క్లెమెంట్ మామ చెప్పిన బెంగళూరు ఆఫీసులో చేరిపోనా అనీ రాశావు. అన్నీ చెప్తాను, తొందరపడకు.

ముందు నువ్వు చూడమన్న ఆ పాటల సినిమా సంగతి. ఊరంతా ఆహా ఓహో అంటోంది గానీ నాకు నచ్చలేదు. ఆ పిల్ల కొండెక్కుతూ పాడుతుంది, దిగుతూ పాడుతుంది, ఒక్కచోటా ఊపిరి తీసుకోదు! ఇన్నేళ్లుగా చర్చి క్వయర్‌లో పాడుతున్నదాన్ని, నాకు తెలియదా? చివర్లో ముసలాయన పాడిన జోలపాట మాత్రం బాగుంది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. మీ నాన్న అప్పుడే నిద్రలేచి, "ఇంగా ఎంతసేపుండాది?" అన్నాడు.

మీ సినిమా నిన్న రాబర్ట్‌సన్‌పేటలో చూశాం. హౌస్‌ఫుల్. హీరో గనిలోకి దిగి అంతమందిని చితకబాది పైకొస్తే చొక్కా ఇస్త్రీ కూడా నలగలేదు. ఇక్కడి బంగారు గనిలో పనిచేసిన మనిషి మీ నాన్న ఊరుకుంటాడా? "షిఫ్టు దిగొచ్చినోని మొగం వీడెప్పుడన్నా చూసినాడా? దుమ్ములో పండ్లు తప్ప ఏమీ కనపడవప్పా!" అని అరిచాడు. ముందు వరసలో మన వీధి మునేష్ వెనక్కి తిరిగి, "సెబాస్టియన్నా, టికెట్టు కొనింది సినిమాకా, నీ మాటలకా?" అన్నాడు. హాలంతా నవ్వింది.

తర్వాత గని కూలింది. ఇప్పుడు అసలు మాట చెప్తున్నాను. నీ పేరు నేను చూడలేదు తల్లీ.

మొదట కాళ్లకింద గురగురమంది. తర్వాత సీటు అదిరింది. అంతే, లేచాను. ఆ రోజుల్లో భూమి లోపల బండ పగిలితే ఇళ్లలో గిన్నెలు గలగలలాడేవి. ఆడవాళ్లం పొయ్యిమీది అన్నం వదిలేసి, గనిలోకి దిగే షాఫ్టు గేటుకు పరుగెత్తి, మన మనిషి పైకొచ్చేదాకా అక్కడే నిలబడేవాళ్లం. నువ్వు పుట్టేలోపే గని మూతపడింది. నా కాళ్లు మాత్రం మరచిపోలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా హాలు బయటికి పరుగెత్తాను. హాల్లోనే ఉన్న మన ఎదురింటి నాన్సీ కూడా నా వెనకే వచ్చేసింది. ఇద్దరం రోడ్డుమీద నిలబడి షాఫ్టు వైపే చూస్తున్నాం.

మీ నాన్న వచ్చాడు, ఒక చేతిలో నా చెప్పులు, ఇంకో చేతిలో పాప్‌కార్న్. "యాడికి పోతా ఉండావు ఇసబెల్లా? నీ పక్కనే కదా కూసోనుండాను!" అన్నాడు. నవ్వించాలని అన్నాడు గానీ, వంగి నా కాళ్లముందు చెప్పులు పెట్టాడు. నడిరోడ్డు మీద ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చాను. నాకేం సిగ్గు?

పక్క సీట్లో ఉన్న మొగుణ్ణి వెతకడానికి నన్ను వీధిలోకి పరుగెత్తించింది నీ చప్పుడు. ఎన్నడూ విననిదాన్ని ఎలా చేశావే? పస లేదన్న మీ సార్‌ను ఒకసారి మా ఊరి హాలుకు పంపు. నువ్వు రావడంలేదని క్లెమెంట్ మామకు నేనే చెప్పేశాను. కోపమొస్తే రానీ.

రేపు మళ్లీ పోతున్నాం. ఈసారి మీ నాన్న చెయ్యి పట్టుకుని కూర్చుంటాను. నీ పేరు వచ్చేదాకా వదలను.

ఇట్లు,
నీ అమ్మ
ఇసబెల్లా