పెట్రోలు రంపానికి నా మేకు

మంగళవారం

చేపల చెరువు తవ్వడానికి గట్టు మీద తుమ్మలన్నీ తీసెయ్యాలని మా కామందు గుడివాడలో చవకరకం పెట్రోలు రంపం కొన్నాడు. నేనూ బావా చేతిరంపం చెరో కొసా పట్టుకుని పూటంతా లాగి కోసే మాను అది నిమిషంలో సగం కోసి బిగుసుకుపోయింది. నాకు లోపల సంతోషమే.

"నలభై ఏళ్ళు రంపం లాగావు కదా బాబాయ్, చూడు" అన్నాడు కామందు.

నా పొగరు ఊరుకుంటుందా? మా నాన్న చెక్కిన చెక్కమేకు కోత సందులో దిగ్గొట్టాను. సందు విచ్చుకుని రంపం ఊడొచ్చింది. ఇలా మేకు కొట్టుకుంటూ కొయ్యాలని చెప్పి మరీ చూపించాను.

"ఇంతేనా! అయితే రేపట్నుంచి మీరిద్దరూ రానక్కర్లేదులే."

ఇవాళ రాని బావ రేపు పొద్దున్నే చద్ది కట్టుకుని వస్తాడు. ఆయనకేం చెప్పను?

మేకు ఆ మానులోనే ఉండిపోయింది. అడగడానికి వెళ్ళను.