అవుట్‌బాక్స్‌లో నాన్న కోపాలు

ప్రియమైన పిన్నికి,

నిన్నటి ఉత్తరంలో అంతా బాగానే ఉందని రాసి ఆపేశాను. బాగాలేదు. కవరు కూడా అతికించేశాను. విప్పి మళ్ళీ రాద్దామనుకునేలోపు అమ్మ దాన్ని పోస్టులో వేసేసింది. ఫోన్ చేస్తే అమ్మ వింటుంది. మెయిల్ జోలికి ఇక వెళ్ళను. అందుకే ఈ కాగితం. చదివాక చింపెయ్.

నాన్న పాత కంప్యూటర్ కాలిన వాసన కొట్టి చచ్చిపోయింది కదా. నాన్న ప్రతి ఆదివారం తన మెయిళ్ళన్నీ ఒక చిన్న డిస్కులోకి కాపీ చేసి, దాన్ని చేతిరుమాల్లో చుట్టి బీరువాలో పెడతాడు. కొత్త కంప్యూటర్ వచ్చాక ఆ మెయిళ్ళని ఇందులోకి ఎక్కించాలి. షాపతను చేసిపెడతానంటే నాన్న ఒప్పుకోలేదు. మా అమ్మాయి ఇంగ్లీషు మీడియం, కళ్ళు మూసుకుని చేసేస్తుంది అన్నాడు. ఆఫీసులో కూడా చెప్పుకున్నాడట.

నేను నిజంగానే కళ్ళు మూసుకుని చేశాను. స్కూల్లో కంప్యూటర్ పీరియడ్‌లో మాకు నేర్పింది ఇల్లు బొమ్మ గీసి పెంకులకి రంగు వేయడం. అది ఇంగ్లీషులో ఒక్కో ప్రశ్న అడుగుతుంటే ప్రతిదానికీ యస్ నొక్కాను. ఇంగ్లీషు మీడియం పిల్ల ఇంగ్లీషు ప్రశ్న అర్థం కాలేదని ఎవరితో చెప్తుంది?

నీకు తెలియని సంగతి ఒకటుంది. నాన్నకి కోపం వస్తే అరవడు. కంప్యూటర్‌కి ఉన్న నెట్ వైరు పీకేసి, ఎవరి మీద కోపమో వాళ్ళకి పెద్ద మెయిల్ రాసి, సెండ్ నొక్కేస్తాడు. వైరు లేదు కాబట్టి అది ఎక్కడికీ వెళ్ళదు. అవుట్‌బాక్స్ అనే చోట కూర్చుంటుంది. నాన్న టీ తాగి, చల్లబడి, దాన్ని పక్కకి తీసి పెట్టి, అప్పుడు వైరు పెడతాడు. ఏళ్ళ తరబడి కోపాలన్నీ అలాగే దాచాడు. వైరు పీకడం చూశాను కానీ, అన్నీ దాచాడని నాకూ తెలియదు. నేను డిస్కులోవి ఎక్కించేటప్పుడు అన్నీ అవుట్‌బాక్స్‌లోకే చేరాయి. ఇవి పంపాలా అని అడిగింది. యస్ అన్నాను. వైరు కూడా పెట్టే ఉంది.

అన్నీ వెళ్ళిపోయాయి పిన్నీ. పంపినవాటిలో ఒక రెండు చదివి భయమేసి, ఆ జాబితా మొత్తం చెరిపేశాను. ఇప్పుడు ఏవి ఎవరికి వెళ్ళాయో నాక్కూడా తెలియదు.

నీ పిచుక

తా.క. నాన్న మధ్యాహ్నం వచ్చి, ఎక్కించావా అని అడిగాడు. ఒక్కటీ మిగలకుండా అన్నాను. అది అబద్ధం కాదు.

*

పిచుకా,

నీ ఉత్తరం క్లినిక్‌లో టోకెన్లు ఇస్తూ చదివాను. నరాల డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్ళు అసలే కంగారు మనుషులు, నేను నవ్వేసరికి ముందు వరసలో ఇద్దరు లేచి నిలబడ్డారు.

దీనికింత ఏడుపెందుకే. వెళ్ళినదాన్ని వెనక్కి లాగలేం, దాని వెనకాల ఇంకోటి పంపొచ్చు. "నేను ముందు రాసింది దయచేసి పట్టించుకోకండి" అని బావగారి పేరు మీద ఒక ముక్క రాసి అందరికీ పంపెయ్. పెద్దవాళ్ళు అలాంటివి ఇట్టే మర్చిపోతారు. మీ నాన్నకి తెలియనే తెలియదు.

మీ పిన్ని

తా.క. నేను మెయిల్ తెరిచి చాలా రోజులైంది. నాకేమైనా వచ్చిందేమో తీరిక దొరికినప్పుడు చూస్తాను. బావగారికి నా మీద కోపం ఎందుకుంటుందిలే.

*

ప్రియమైన పిన్నికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఎవరికి వెళ్ళాయో తెలియదు కదా, అందుకని నాన్న అడ్రస్ పుస్తకంలో ఉన్న ప్రతి ఒక్కరికీ పంపాను. ఇప్పుడు ఇంకా ఘోరంగా ఉంది.

నాన్న ప్రెస్‌లో కాగితాల స్టోర్ చూస్తాడని నీకు తెలుసు. కింది గది, కిటికీ లేదు, పగలు కూడా లైటే. పైన కిటికీ పక్క సీటు ఖాళీ అయితే, తనకిమ్మని పోయిన వారం మేనేజర్ మేడమ్‌కి మెయిల్ పెట్టాడు. ఆవిడ సరేనంది. అది నాన్న చల్లగా ఉన్నప్పుడు నిజంగా పంపిన మెయిల్. ఇప్పుడు నేను "ముందు రాసింది పట్టించుకోకండి" అన్నాను. ఆవిడ పట్టించుకోవడం మానేసింది.

అంతేకాదు. దానికి ముందే, మొదట వెళ్ళినవాటిలో, ఆవిడకి నాన్న రాజీనామా కూడా వెళ్ళింది. ఎప్పుడో పాత మేనేజర్ మీద రాసింది. మనిషి మారినా మేనేజర్ మెయిల్ అడ్రస్ మారలేదు. అందులో ఇలా ఉందట: "మెషీన్ వాళ్ళందరి ముందూ మీసం మెలేస్తూ నా మీద అరిచారు. మీ మీసానికున్న మర్యాద మీకు లేదు." అది చదివి మేడమ్ నాన్నని పిలిచి తలుపు వేసింది. గొంతు తగ్గించి, మీకు ఒంట్లో బాగానే ఉంటోందా అని అడిగింది.

నాన్నకేమీ అర్థం కాలేదు. నేను పంపలేదండీ అన్నాడు. మీ పేరు మీదే వచ్చింది కదా అని ఆవిడ తెరిచి చూపించింది. అవి తన మాటలే. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా కూర్చుని, నేను పంపానేమో, నాకే గుర్తులేదేమో అన్నాడు అమ్మతో. మా నానమ్మకి చివర్లో మతి తప్పింది కదా, ఆవిడ పేరెత్తి ఆగిపోయాడు. నేను తలుపు వెనకాల ఉన్నాను.

చెప్పాలని నోటిదాకా వచ్చింది. మంచినీళ్ళు తాగి మింగేశాను.

నీ పిచుక

తా.క. పై ఇంటి ఆవిడకి "తెల్లారకముందే మా నెత్తిమీద నడుస్తారేమిటి" అని వెళ్ళింది. రెండు రోజులుగా పైన చప్పుడే లేదు, చూసి రమ్మని అమ్మ పంపింది. ఆవిడ మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. మీ నాన్న ఆఫీసుకి వెళ్ళాక దిగుతానమ్మా అంది.

తా.క. మళ్ళీ. నాన్నని ఒంట్లో బాగయ్యాకే ఆఫీసుకి రమ్మన్నారు. అంటే పై ఇంటావిడ ఇక మంచం దిగదు.

*

అమ్మాయికి,

నీ ఉత్తరాలు అందాయి. నేను మెయిల్ తెరిచాను.

"మా ఇస్త్రీపెట్టె పట్టుకెళ్ళి మాడ్చి, మూతికి గుడ్డ చుట్టి తెచ్చి, అలాగే ఇచ్చారేమో చూసుకోండని మా మీదే పెట్టిన మీరు మా గడప తొక్కకపోతే సంతోషం." ఇది బావగారు నాకు రాసింది. దాని వెనకాల పట్టించుకోకండి అని ఇంకోటి. తిట్టాలనుకుని తిట్టి, మా అక్క ఊరుకోదని తర్వాత నీ చేత ఈ కథంతా రాయించారా? వైరు, డిస్కు, అవుట్‌బాక్స్. చిన్నపిల్లవి, నీకు ఇంత అల్లడం రాదని నాకు తెలుసు.

ఇక మీ ఇంటి గడప తొక్కనులే. ఆయన సంతోషంగా ఉండమను.

మీ పిన్ని

తా.క. ఆ పెట్టె ముందే మాడి ఉంది.

*

పిన్నీ,

ఒట్టు. అమ్మ మీద ఒట్టు, నా మీద ఒట్టు. ఎవరూ రాయించలేదు. ఇదంతా నేనే చేశాను. నువ్వు కూడా నమ్మకపోతే నాకు చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు.

నాన్న ఇప్పుడు చిన్న చిన్న చీటీలు రాసి ఇంట్లో అంటిస్తున్నాడు. స్టవ్ దగ్గర "ఆపావా?" అని. తలుపు మీద "తాళంచెవి జేబులో ఉంది" అని. పొద్దున నాన్న అద్దం ముందు నిలబడి, తను చేరినప్పటి నుంచి ప్రెస్‌లో ఎవరెవరు మేనేజర్లుగా చేశారో వరసగా చెప్పుకుంటున్నాడు. ఒక్కటీ తప్పలేదు. అయినా మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు చూడలేక స్కూల్‌కి ముందే వెళ్ళిపోయాను.

స్కూల్లో ఇంకోటి. నాన్న మా హెడ్ మేడమ్‌కి కూడా ఎప్పుడో రాశాడు. "మా అమ్మాయికి లెక్కలు రాకపోవడం కాదు, మీకు చెప్పడం రాదు. కంప్యూటర్ ముందు కూర్చుంటే అది ఎవరికీ తీసిపోదు" అని. మేడమ్ దాన్ని స్టాఫ్ రూమ్‌లో చదివి వినిపించిందట. నేను వెళ్తుంటే టీచర్లందరూ తలెత్తి చూశారు. నేల చీలితే అందులోకి దూరిపోదామనిపించింది. నాకోసం నాన్న అంత కోపం తెచ్చుకున్నాడని నాకెప్పుడూ తెలియదు పిన్నీ. దాన్ని కూడా నేనే బయటపెట్టి, దాని గురించి కూడా ఆయన్ని కంగారుపెడుతున్నాను.

ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూనే ఉన్నాను. చెప్పడానికి వెళ్ళిన ప్రతిసారీ నాన్న, ఏమ్మా అంటాడు. ఏం లేదు నాన్నా అంటాను.

నీ పిచుక

తా.క. పళ్ళ డాక్టరు ఫోన్ చేశాడు. "మీరు పీకింది పక్క పన్ను" అని ఆయనకీ వెళ్ళింది. చాలా బాధపడి, ఇప్పటికైనా రండి, అసలుది పీకుతానన్నాడు.

తా.క. మళ్ళీ. స్కూల్ పాత కంప్యూటర్ పాడైంది. మెయిళ్ళన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించే పని హెడ్ మేడమ్ నాకిచ్చింది.

*

పిచుకా,

నమ్మాను. ఎందుకంటే నిన్న బావగారు మా క్లినిక్‌కి వచ్చారు. ఇంట్లో ఆఫీసు పని మీద వెళ్తున్నానని చెప్పారట. అందరిలాగే టోకెన్ తీసుకుని బల్ల మీద కూర్చున్నారు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెప్పేస్తున్నాను, పెట్టె మాడ్చింది నేనే.

డాక్టరుగారు చాలాసేపు ప్రశ్నలు అడిగారు. వెనక్కి లెక్కపెట్టించారు, గడియారం బొమ్మ గీయించారు. బయటికొచ్చి, ఈయనకేమీ లేదమ్మా, నాకంటే బాగా గుర్తున్నాయి అన్నారు. కాగితం కూడా రాసిచ్చారు. అప్పుడు బావగారు జేబులోంచి చేతిరుమాలు తీశారు. అందులో డిస్కు. మా కౌంటర్ కంప్యూటర్‌లో పెట్టమన్నారు. దాచిపెట్టిన ఉత్తరాలన్నీ అందులో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడే వెళ్ళిపోయాయన్నమాట అన్నారు. తర్వాత నవ్వారు. ఒక మాటన్నారు. అది నీకు చెప్పనని మాటిచ్చాను.

ఇక నన్నేమీ అడగకు.

మీ పిన్ని

తా.క. ఆయన చేతికి కొత్త ఇస్త్రీపెట్టె ఇచ్చి పంపాను. మీ అమ్మ చూస్తే దారిలో దొరికిందని చెప్తారట.

*

ప్రియమైన పిన్నికి,

నాన్న కాగితం తీసుకెళ్ళి మేడమ్‌కిచ్చాడు. మళ్ళీ ఆఫీసుకి వెళ్తున్నాడు, కింది గదికే. అన్నం తినేటప్పుడు అమ్మ కోప్పడుతుంటే విన్నాను. ఆ "పట్టించుకోకండి" ఎవరు రాశారో చెప్పండి, కిటికీ సీటు ఇప్పుడే మీకిస్తాను అందట మేడమ్. నాన్న, గుర్తులేదండీ అన్నాడట.

డాక్టరు ఏమీ లేదన్నాక చీటీలు తీసేయాలి కదా. ఇంకా పెరిగాయి పిన్నీ. ఫ్రిజ్ మీద "నాకు ఒక కూతురు ఉంది" అని. కంప్యూటర్ పక్కన "వైరు ఎవరు పెట్టారో నాకు గుర్తులేదు. పెట్టినవాళ్ళకి గుర్తుంటుంది" అని. ఇందాక నా గది తలుపు మీద ఒకటి చూశాను. "అమ్మాయి ఏదో చెప్పాలనుకుంటోంది. అడగకు. ఆగు."

ముందు అంటించినవన్నీ నాన్న కళ్ళకి ఎదురుగా ఉండేవి. నేను మడమలెత్తి చదివేదాన్ని. ఇవి అలా లేవు. అన్నీ నా కళ్ళ ఎత్తులో ఉన్నాయి.

నీకు ఆయన చెప్పిన మాటేమిటో నాకు తెలిసిపోయింది. నేను చెప్పేదాకా మతిమరుపు మనిషిలాగే ఉంటానన్నాడు కదా. కిటికీ కూడా వదులుకుని. నేను ఆయన్ని

తలుపు కొడుతున్నారు. నాన్నే.

"అమ్మాయ్, ఎందుకొచ్చానో మర్చిపోయాను. నీకేమైనా గుర్తుందా?"

ఈ కాగితాలు లెక్కల పుస్తకంలో దాచేస్తున్నాను. ఈ ఇంట్లో ఎవరూ తెరవనిది అదొక్కటే. తీస్తున్నాను పిన్నీ, తలుపు తీ