చౌడు సబ్బు

కోడుమూరు,
12 ఆగస్టు 1943

అక్కా,

ఈసారి క్షేమసమాచారాలతో మొదలుపెట్టడానికి చెయ్యి రావడం లేదు. కడపలో నువ్వూ బావగారూ బాగున్నారనే ధైర్యంతో నేరుగా నా సంగతికే వస్తాను.

యుద్ధం మూలంగా అంగట్లో సబ్బు దొరకడం లేదని, బడి వెనక పాకలో నేతవాళ్ళ ఆడవాళ్ళకు చౌడుమట్టితో సబ్బు వండడం నేర్పుతున్నానని రాశాను కదా. చౌడునీళ్ళు వాళ్ళకు కొత్త కాదు. మట్టి నానబెట్టి, వడగట్టి, ఆ నీళ్ళతో బట్టలుతకడం వాళ్ళ అవ్వల నాటినుంచీ ఉన్నదే. నీళ్ళు ఎంత ఘాటుగా దిగాయో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూస్తారు. జారితే సరిపోయినట్టు. నేను చేసిందల్లా మద్రాసులో చదివిన రసాయనశాస్త్రం పుస్తకం తీసి, ఆ నీళ్ళలో సున్నం కలిపి కాచమనడం. అలా కాచిన నీళ్ళు పోస్తేనే ఆముదం గట్టి సబ్బుగా పేరుకుంటుంది.

పుస్తకంలో ఇంకొక వాక్యం ఉంది, సున్నంతో కాచిన ఈ నీరు తోలును తినేస్తుంది, చర్మానికి తగలనీయరాదని. నల్లబల్ల మీద అన్నీ తెలుగులో రాసి, ఆ ఒక్కటి రాయలేదు. భయపడి రావడం మానేస్తారేమో అనుకున్నాను. ఇంతమంది వస్తున్నారని విద్యాశాఖ పైవాళ్ళకు రాసుకోవాలన్న ఆశ కూడా ఉండింది.

పాకలో కుండ దగ్గర ఎప్పుడూ నేనే నిలబడేదాన్ని, ఎవరి చెయ్యీ ఆ నీళ్ళలో పడనీయకుండా. మొదట ఇంట్లో కాచుకున్నది హనుమమ్మ. మగ్గం మీద తెగిన పోగులు అతకడంలో ఈ ఊళ్ళో ఆమెను మించినవాళ్ళు లేరు. కూతురు ఈరక్క నా దగ్గరే నాలుగో తరగతి. హనుమమ్మ అలవాటుగా ఆ నీళ్ళు వేళ్ళ మధ్య రుద్దింది. బాగా జారింది. ఇంకా రుద్దింది. జారుతున్నది తన తోలేనని ఆమెకెలా తెలుస్తుంది? పుళ్ళు మానాయి గాని, ఆ రెండు వేళ్ళకూ స్పర్శ లేదు. పోగు పట్టుకున్నదీ లేనిదీ చూస్తే తప్ప తెలియదు.

నేను చూడబోయినప్పుడు ఆమె అత్త గిడ్డమ్మ అడిగింది, "బడికాడ ఎవురికీ ఏం కాలేదు కదా పంతులమ్మా, దీనికే యాల ఇట్లయింది?"

సున్నం ఎక్కువైనట్టుంది అన్నాను. అంత సులువుగా ఎలా అనగలిగానో ఇప్పటికీ అర్థం కాదు.

ఆనాటినుంచి ఆ ఇంటికి ఎవరొచ్చినా గిడ్డమ్మది ఒకటే పాట: "మా కోడలికి సున్నానికీ ఉప్పుకీ తేడా తెల్దు. మేం ఇంకా బతికుండామంటే అదృష్టమే." వాళ్ళు నవ్వుతారు. హనుమమ్మ తల వంచుకుంటుంది. మూడు వారాలుగా చూస్తున్నాను. ఆదివారం వెళ్ళి నిజం చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోనీ, ఆమె మీద నింద పోవాలి. నీ జవాబు కోసం ఆగితే నా మనసు మళ్ళీ మారుతుందేమోనని భయం.

నీ చెల్లెలు
గంగాదేవి

కోడుమూరు,
23 ఆగస్టు 1943

అక్కా,

తొందరపడవద్దన్న నీ ఉత్తరం నిన్న అందింది. అప్పటికే చెప్పేశాను.

పుస్తకం తీసుకుపోయి ఆ వాక్యం మీద వేలు పెట్టి మరీ చూపించాను, వాళ్ళకు ఇంగ్లీషు రాదన్నది కూడా మరిచిపోయి. గిడ్డమ్మ తిడుతుందనుకున్నాను. ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె కొడుకు, హనుమమ్మ భర్త నాగన్న మగ్గం ఆపి, తెలిసీ చెప్పలేదా అని అడిగాడు. అవునన్నాను. మళ్ళీ నేతలో పడ్డాడు.

హనుమమ్మ నా వెంట గడప దాకా వచ్చింది.

"చెప్పకుంటే బాగుండు పంతులమ్మా. నా తప్పే అనుకుంటాంటి. ఈతూరి పదిలంగా చేస్తే ఏం కాదులే అనుకుంటాంటి. మీరు చెప్పింది చెప్పినట్టు చేసినా ఇట్లయిందంటే, ఇంక నేను దేన్ని నమ్మల్ల?"

ఆమె మీద నింద తీసేయడానికి వెళ్ళి, ఆమెకు మిగిలిన కాస్త ధైర్యాన్నీ తీసుకొచ్చాను. అసలు వెళ్ళింది ఆమె కోసమేనా, నా బరువు దింపుకోవడానికా? ఒక పూట అలా అనిపిస్తుంది, ఒక పూట ఇలా.

ఉద్యోగం పోలేదు. జరిగింది పైవాళ్ళకు రాస్తే, ఇంత చిన్న విషయాలు రాయనక్కరలేదన్నారు. పాకకు మాత్రం ఎవరూ రావడం లేదు.

బుధవారం నుంచి ఈరక్క బడికి రాలేదు. నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పిల్ల మగ్గం పక్కన కూర్చుని పోగులు అతుకుతోంది. హనుమమ్మ వెనక నిలబడి, చేతులు కొంగులో చుట్టుకుని, ఇట్ల తిప్పు, అట్ల కాదు అని నోటితో నేర్పుతోంది. కనీసం ఒక పూటయినా బడికి పంపమని నాగన్నను బతిమాలాను. అతను గొంతు పెంచలేదు.

"మీరు చెప్పినట్టు ఒకటి చేసినాం కదమ్మా. చాలు."

గంగాదేవి